శాలరీ క్యాప్ పెరిగితే చిన్న ఊరి జట్టుకు లాభమా, నష్టమా?

హన్మకొండ_థండర్ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్తే. నేను హన్మకొండలో డిగ్రీ సెకండియర్ చదువుతున్నాను, కాలేజీ టీమ్‌లో గార్డ్‌గా ఆడతాను. 2025 ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) ఫైనల్స్ మా హాస్టల్లో పొద్దున ఆరింటికే లేచి ఫోన్లో చూశాం. ఓక్లహోమా సిటీ థండర్, ఇండియానా పేసర్స్ రెండూ చిన్న మార్కెట్, అంటే చిన్న ఊరి, జట్లే. న్యూయార్క్, లాస్ ఏంజిలెస్ లేకుండా ఫైనల్ ఏడో మ్యాచ్ దాకా వెళ్లి, మా థండర్ 4-3తో కప్పు గెలిస్తే చాలా సంతోషమైంది.

అది అయిన కొన్ని రోజులకే మా స్టార్ షాయ్ గిల్జస్-అలెగ్జాండర్‌కు నాలుగేళ్లకు 28.5 కోట్ల డాలర్ల ఎక్స్‌టెన్షన్ ఇచ్చారు. చెట్ హోమ్‌గ్రెన్, జేలెన్ విలియమ్స్‌కు కూడా పెద్ద కాంట్రాక్టులు. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. మా రూమ్మేట్ ఏమంటాడంటే, శాలరీ క్యాప్, అంటే ఒక జట్టు జీతాల మొత్తానికి లీగ్ పెట్టే హద్దు, ఏటా పెరుగుతోంది, కాబట్టి డబ్బున్నవాళ్లదే రాజ్యం, సమానత్వం అనేది ఉత్త మాట అని. నేనేమో క్యాప్ ఉండబట్టే 2019 నుంచి 2025 దాకా ఏడేళ్లలో ఏడు వేర్వేరు జట్లు గెలిచాయి అంటాను. గట్టిగా వాదించుకుంటాం గానీ ఎందుకో ఇద్దరం వివరంగా చెప్పలేకపోతున్నాం. క్యాప్ మారినప్పుడు పోటీ మీద నిజంగా ఏం జరుగుతుంది? 2024లో కప్పు గెలిచి ఏడాదికే విడిపోయిన బోస్టన్ లాగే థండర్‌ను కూడా విడగొట్టాల్సి వస్తుందా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

కాజీపేట_లెక్కలు

తమ్ముడూ, నేను కాజీపేటలో ఉంటాను, ఆడిట్ ఆఫీసులో పని. అందుకే మ్యాచ్ కన్నా ముందు నా కళ్లు జీతాల పట్టిక మీదికి పోతాయి. నువ్వు అడిగింది నేను ఎన్నో ఏళ్లుగా ఆలోచిస్తున్న విషయం, కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను.

క్యాప్ పెరిగిందా తగ్గిందా అని మాత్రమే చూస్తే నీకూ మీ రూమ్మేట్‌కూ వాదన తెగదు. ఎంత వేగంగా పెరిగింది, ఒక్క ఆటగాడికి ఎంతకు మించి ఇవ్వకూడదని రూల్ ఉంది, ఈ రెండూ కలిపి చూడాలి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. జట్టు ఖర్చు మీద పెట్టిన హద్దు పోటీకి చేసే మేలు కన్నా, ఒక్కో ఆటగాడి జీతం మీద పెట్టిన హద్దు చేసే చెడు ఎక్కువ. అందరూ ఒప్పుకోరు. ఎందుకు అలా అంటున్నానో చూడు.

ఇప్పుడున్న శాలరీ క్యాప్ 1984-85లో మొదలైంది. అప్పుడు ఒక జట్టుకు 36 లక్షల డాలర్లు. కానీ అది గట్టి గోడ కాదు. సొంత ఆటగాణ్ని నిలబెట్టుకోవడానికి క్యాప్ దాటొచ్చని మినహాయింపు ఇచ్చారు, దాన్నే లారీ బర్డ్ పేరుతో పిలుస్తారు. 1980ల పది కప్పుల్లో లాస్ ఏంజిలెస్ లేకర్స్‌కు ఐదు, బోస్టన్ సెల్టిక్స్‌కు మూడు వచ్చాయి. మధ్యలో క్యాప్ వచ్చింది, అయినా కప్పు ఆ రెండు ఊళ్లను పెద్దగా దాటలేదు.

1997-98లో జట్టు మొత్తానికి క్యాప్ 2.69 కోట్ల డాలర్లు ఉంటే మైకేల్ జోర్డాన్ ఒక్కడి జీతం 3.31 కోట్లు. ఒక్క మనిషి జీతం క్యాప్ కన్నా ఎక్కువ! ఆ బర్డ్ మినహాయింపు వల్లనే అది కుదిరింది. అదే సమయంలో, 1997లో, మిన్నెసోటా వాళ్లు ఇరవై ఒక్క ఏళ్ల కెవిన్ గార్నెట్‌కు ఆరేళ్లకు 12.6 కోట్లు రాసిచ్చారు. ఓనర్లకు భయం పట్టుకుంది. 1998-99 సీజన్ ఓనర్లు ఆట ఆపేసిన లాకౌట్‌తో 50 మ్యాచులకు కుదించుకుపోయింది, ఆ ఒప్పందంలోనే వ్యక్తిగత గరిష్ఠ జీతం వచ్చింది. ఆటగాడి అనుభవాన్ని బట్టి క్యాప్‌లో సుమారు 25, 30, 35 శాతం, అంతకు మించి ఇవ్వడానికి లేదు.

ఇక్కడ మన ఎనుమాముల మార్కెట్‌ను తలుచుకో. మిర్చి సీజన్లో యార్డుకు అద్భుతమైన సరుకు ఒక లాట్ వచ్చిందనుకో. దానికి ఎవరైనా సరే ఇంతకు మించి పాట పాడొద్దని రూల్ పెడితే ఏమవుతుంది? ఖరీదుదారులందరూ ఆ హద్దు దగ్గరికి వచ్చి ఆగిపోతారు. ఇక ధరతో తేడా లేదు కాబట్టి రైతు తనకు నచ్చినవాడికి ఇచ్చేస్తాడు. ఎన్‌బీఏలో పెద్ద స్టార్‌కు జరిగేది ఇదే. ఎక్కడికి పోయినా దాదాపు అదే జీతం అయినప్పుడు వాడు వాతావరణం చూస్తాడు, స్నేహితులను చూస్తాడు, గెలిచే జట్టును చూస్తాడు. టెక్సాస్, ఫ్లోరిడాలో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, అది కూడా చూస్తాడు. చిన్న ఊరి జట్టు చేతిలో ఉన్న ఒకే ఒక ఆయుధం ఎక్కువ డబ్బు ఇవ్వగలగడం, దాన్నే రూల్ లాగేసుకుంది.

2010లో మయామీ కథ అదే. లెబ్రాన్ జేమ్స్, డ్వేన్ వేడ్, క్రిస్ బాష్ ముగ్గురూ గరిష్ఠం కన్నా కొంచెం తక్కువే తీసుకుని ఒక్క జట్టులో ఇమిడారు. హద్దు లేకపోతే లెబ్రాన్ విలువ ఒక్కటే క్యాప్‌లో సగం మింగేది, మిగతా ఇద్దరికీ చోటు ఉండేది కాదు. వరుసగా నాలుగు ఫైనల్స్ ఆడారు, రెండు గెలిచారు.

ఇక వేగం సంగతి. 2014లో టీవీ హక్కులకు తొమ్మిదేళ్లకు 2,400 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. ఆదాయంలో దాదాపు సగం ఆటగాళ్లకు పోవాలి కాబట్టి క్యాప్ దానంతట అదే పెరుగుతుంది. ఆ పెరుగుదలను కొన్నేళ్ల మీద పంచుదామని లీగ్ అడిగింది. ఆటగాళ్ల సంఘం ఒప్పుకోలేదు, మా డబ్బు మాకు ఇప్పుడే కావాలి అంది. వాళ్ల వైపు నుంచి అది న్యాయమే. దాంతో 2015-16లో 7 కోట్లున్న క్యాప్ 2016-17లో ఒక్కసారిగా 9.41 కోట్లు అయింది.

ఆ ఒక్క ఎండాకాలంలో చాలా జట్ల చేతిలో డబ్బు, బయట ఆటగాళ్లు మాత్రం ఎప్పటిలాగే. లేకర్స్ టిమోఫే మోజ్‌గోవ్‌కు నాలుగేళ్లకు 6.4 కోట్లు, లువోల్ డెంగ్‌కు 7.2 కోట్లు ఇచ్చారు. ఆ కాంట్రాక్టులు తర్వాత మెడకు గుదిబండలయ్యాయి. అటు గోల్డెన్ స్టేట్ చూడు. అప్పటికే సీజన్లో 73 మ్యాచులు గెలిచిన జట్టు. స్టెఫ్ కర్రీకి చీలమండ గాయాలున్న రోజుల్లో, 2012లో, నాలుగేళ్లకు 4.4 కోట్లకు సంతకం చేయించుకున్నారు. ఎంవీపీ, అంటే లీగ్‌లో ఉత్తమ ఆటగాడు, వాళ్ల దగ్గర అంత చవకగా ఉన్నాడు. క్యాప్ మామూలుగా పెరిగి ఉంటే కెవిన్ డ్యురాంట్‌కు వాళ్ల దగ్గర చోటు ఉండేది కాదు. అది ఒక్కసారి ఎగిరింది కాబట్టి హ్యారిసన్ బార్న్స్‌ను వదిలి, ఆండ్రూ బోగట్‌ను ట్రేడ్ చేసి (వేరే జట్టుకు ఇచ్చేసి), చోటు చేసేసుకున్నారు. డ్యురాంట్ ఎక్కడి నుంచి వెళ్లాడు? మీ ఓక్లహోమా సిటీ నుంచే. 2016 ప్లేఆఫ్ సిరీస్‌లో 3-1 ఆధిక్యంలో ఉండి ఎవరి చేతిలో ఓడారో ఆ జట్టుకే. 2017 ప్లేఆఫ్స్‌లో గోల్డెన్ స్టేట్ వారియర్స్ 16 గెలిచి ఒక్కటే ఓడారు. అది చూస్తూ నాకు ఆట మీద ఉన్న ఇష్టం కొంత తగ్గిందనే చెప్పాలి, ఎవరు గెలుస్తారో అక్టోబర్‌లోనే తెలిసిపోయేది.

కాబట్టి మీ రూమ్మేట్ అన్నదాంట్లో సగం నిజం. క్యాప్ పెరగడం ప్రమాదం కాదు, ఒక్క ఏడాదిలో ఎగరడం ప్రమాదం. 2023 ఒప్పందంలో దాన్ని సరిచేశారు, క్యాప్ ఏడాదికి 10 శాతానికి మించి పెరగడానికి లేదు. 2025-26 నుంచి పదకొండేళ్లకు సుమారు 7,600 కోట్ల డాలర్ల కొత్త టీవీ ఒప్పందం వచ్చింది కదా. పాత రూలే ఉండి ఉంటే మళ్లీ 2016 జరిగేది. 2025-26లో క్యాప్ 14.06 కోట్ల నుంచి సరిగ్గా పది శాతం పెరిగి 15.46 కోట్లకు వచ్చి ఆగింది.

పీఈటీ_జగిత్యాల

కాజీపేట సార్ రాసింది బాగుంది, కానీ నేను పూర్తిగా ఒప్పుకోను. ప్రభుత్వ పాఠశాలలో పిల్లలకు ఆటలు నేర్పే మనిషిని, డబ్బు వైపు నుంచి కాకుండా కోర్టు వైపు నుంచి చెబుతాను.

బాస్కెట్‌బాల్‌లో కోర్టు మీద ఐదుగురే ఉంటారు. 48 నిమిషాల్లో మంచి ఆటగాడు నలభై దాకా ఆడతాడు, ప్రతి దాడిలోనూ బంతి వాడి చేతికి వస్తుంది. దానిపైన ఏడు మ్యాచుల సిరీస్. ఒక్క రోజు అదృష్టం కలిసొచ్చి బలహీన జట్టు గెలవొచ్చు గానీ నాలుగు రోజులు గెలవదు. అందుకే ఏ రూల్ పెట్టినా ఈ ఆటలో గొప్ప ఆటగాడున్న జట్టే పైకి వస్తుంది. క్యాప్ అసలే లేని రోజుల్లో, 1957 నుంచి 1969 దాకా, బిల్ రసెల్ ఉన్న బోస్టన్ పదమూడేళ్లలో పదకొండు కప్పులు గెలిచింది. క్యాప్ వచ్చాక జోర్డాన్ ఉన్న షికాగో ఆరు గెలిచింది. రూల్స్ మారాయి, ఆట స్వభావం మారలేదు.

చిన్న ఊరు అని భయపడే పిల్లలకు నేను శాన్ ఆంటోనియో స్పర్స్ గురించి చెబుతాను. టిమ్ డంకన్ 1997 డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్లను జట్లు వరుసగా ఎంచుకునే కార్యక్రమం) మొదటి పిక్, అంటే మొదటి ఎంపిక, అది అదృష్టమే. కానీ టోనీ పార్కర్ 28వ పిక్, మను జినోబిలి 57వ పిక్. మిగతా జట్లు చూసీ చూడనట్టు వదిలేసిన పిల్లలను వీళ్లు పట్టుకున్నారు. 1999 నుంచి 2014 మధ్య ఐదు కప్పులు. డెన్వర్ జట్టు నికోలా యోకిచ్‌ను 2014లో 41వ పిక్‌తో తీసుకుంది. కన్ను ఉండాలి, నేర్పే ఓపిక ఉండాలి.

ఇంకోటి, క్యాప్ సమానంగా ఉంటే జట్లు సమానమవుతాయా? మన తెలుగు టైటాన్స్‌ను చూడండి. ప్రో కబడ్డీలో అన్ని జట్లకూ ఒకటే పర్సు, పదో సీజన్‌కు 5 కోట్ల రూపాయలు. మనవాళ్లు పవన్ సెహ్రావత్‌కు 2.6 కోట్లు పెట్టారు. 22 మ్యాచుల్లో రెండే గెలిచి అట్టడుగున ఉన్నారు. డబ్బు అందరికీ సమానమే కదా!

కాజీపేట_లెక్కలు

సార్, ఆట స్వభావం గురించి మీరు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం, నేను అది రాయాల్సింది. స్పర్స్ గురించి కూడా మీతో వాదించను.

కానీ టైటాన్స్ ఉదాహరణ నా వైపే మాట్లాడుతోంది సార్. కబడ్డీ వేలంలో ఒక్క ఆటగాడికి గరిష్ఠ హద్దు లేదు. లీగ్‌లోనే పేరున్న రైడర్ కావాలంటే పర్సులో సగానికి పైగా పోయింది, మిగతా జట్టు పలచబడింది. బాధ కలిగినా అక్కడ లెక్క న్యాయంగా ఉంది. పెద్ద పేరు కొన్నవాడు దాని ధర మొత్తం కట్టాడు. ఎన్‌బీఏలో అలా కాదు. ప్రపంచంలోనే మొదటి ఆటగాణ్ని క్యాప్‌లో 35 శాతానికి తెచ్చుకుని, రెండో ఆటగాణ్ని మరో 30 శాతానికి పక్కన నిలబెట్టొచ్చు. మొదటివాడి అసలు విలువ 60 శాతం ఉన్నా సరే. ఆ మిగిలిన 25 శాతం జట్టుకు ఉచితంగా దక్కినట్టు. సూపర్ టీమ్ పుట్టేది ఆ తేడాలోంచే.

మరి ఆ హద్దు ఎందుకు తీయరు అంటే, సంఘంలో సుమారు 450 మంది ఆటగాళ్లు ఉంటారు, అందులో స్టార్లు కొద్దిమందే. మొత్తం వాటా దాదాపు సగానికే కట్టుబడి ఉంది కాబట్టి స్టార్‌కు పెరిగే ప్రతి డాలరూ మధ్యస్థాయి ఆటగాడి నుంచే రావాలి. ఆ మధ్యస్థాయివాళ్లే ఎక్కువమంది, ఓటు వాళ్లది. నాకు ఇది నచ్చకపోయినా వాళ్లను తప్పు పట్టలేను, పదో ఆటగాడికి కెరీర్ నాలుగైదేళ్లే కావొచ్చు.

కరీంనగర్_టు_బోస్టన్

మాది కరీంనగర్, ఉద్యోగం వల్ల ఇప్పుడు బోస్టన్‌లో ఉంటున్నాను. తమ్ముడు అడిగిన చివరి ప్రశ్నకు నేను చెప్పాలి, ఎందుకంటే మా జట్టు విడిపోవడం దగ్గర నుంచి చూశాను.

2024లో సెల్టిక్స్ కప్పు గెలిచినప్పుడు ఇంకో మూడు నాలుగేళ్లు మాదే అనుకున్నాం. జట్టు జీతాలకు క్యాప్‌పైన ఇంకో హద్దుగా సెకండ్ ఏప్రన్ అనే గీత 2023 ఒప్పందంలో వచ్చింది. 2024-25కు అది 18.89 కోట్లు. దాన్ని దాటితే అదనపు ఖర్చు మీద లీగ్ వేసే పన్ను కట్టి ఊరుకోవడం కుదరదు. ఇద్దరి జీతాలు కలిపి ఒక పెద్ద ఆటగాడి కోసం ట్రేడ్ చేయడానికి వీల్లేదు, ట్రేడ్‌లో నగదు ఇవ్వడానికి లేదు, క్యాప్ దాటినా మధ్యస్థాయి ఆటగాణ్ని తెచ్చుకోనిచ్చే మిడ్-లెవెల్ మినహాయింపు లేదు, ఏడేళ్ల తర్వాతి మొదటి రౌండ్ డ్రాఫ్ట్ పిక్ కూడా స్తంభించిపోతుంది, ట్రేడ్ చేయలేరు. మళ్లీ మళ్లీ దాటితే ఆ పిక్ రౌండ్ చివరికి పోతుంది. అంతకుముందు ధనవంతుడైన ఓనర్ పన్ను కట్టేసి దారి కొనుక్కునేవాడు, ఇప్పుడు ఆ దారే మూసేశారు.

2025-26కు జీతాలు, పన్ను కలిపి ఖర్చు 50 కోట్ల డాలర్లకు చేరుతుందని ఇక్కడ అంచనాలు వచ్చాయి. దానికితోడు మే నెలలో మా స్టార్ జేసన్ టేటమ్‌కు అకిలిస్ (మడమ దగ్గరి నరం) తెగింది. ఆ ఎండాకాలంలోనే జ్రూ హాలిడే పోర్ట్‌లాండ్‌కు, పోర్జింగిస్ అట్లాంటాకు పోయారు. అల్ హోర్‌ఫర్డ్ గోల్డెన్ స్టేట్‌కు, లూక్ కోర్నెట్ శాన్ ఆంటోనియోకు వెళ్లిపోయారు. మా ఆఫీసులో హాలిడే జెర్సీ వేసుకునే ఒక పెద్దాయన ఆ వారం చాలా ముభావంగా ఉన్నారు. ఏటా కొత్త ఛాంపియన్ అని బయటివాళ్లు సంతోషిస్తారు గానీ, కలిసి ఆడటం నేర్చుకున్న ఒక జట్టు ఎదుగుతుండగానే కోసేయడం నాకు న్యాయంగా అనిపించదు. పోటీ ఉండాలి, కానీ మంచి జట్టును చూసే ఆనందం కూడా ఉండాలి కదా.

హన్మకొండ_థండర్

అక్కా, అన్నా, సార్, అందరికీ చాలా థాంక్స్. రూమ్మేట్‌కు మొత్తం చదివి వినిపించాను. వాడు ఒక్క మాట అడిగాడు. సెకండ్ ఏప్రన్ చిన్న ఊరి జట్లను కాపాడటానికే పెట్టారు కదా, మరి ఎక్కువమంది డ్రాఫ్ట్‌లో తెచ్చుకున్న, ట్రేడ్‌లో ఓపికగా సంపాదించుకున్న పిల్లలే ఉన్న థండర్‌ను కూడా అదే గీత ఎందుకు కోయాలి?

కాజీపేట_లెక్కలు

మీ రూమ్మేట్ అసలైన చోట వేలు పెట్టాడు. సెకండ్ ఏప్రన్‌లో నాకు కనిపించే పెద్ద లోపం అదే. బయటి నుంచి కొని తెచ్చిన స్టార్‌నూ, పందొమ్మిదేళ్లప్పుడు తెచ్చి పెంచుకున్న కుర్రాణ్నీ అది ఒకే కొలతతో కొలుస్తుంది. మిన్నెసోటా కార్ల్-ఆంథొనీ టౌన్స్‌ను 2015లో మొదటి పిక్‌గా తెచ్చుకుంది, 2024లో న్యూయార్క్‌కు పంపింది. చిన్న మార్కెట్ నుంచి పెద్ద మార్కెట్‌కే పోయాడు చూడు. ఖర్చు ఆ ట్రేడ్‌కు పెద్ద కారణం.

నన్నడిగితే సొంత డ్రాఫ్ట్ ఆటగాడి జీతంలో కొంత భాగాన్ని ఏప్రన్ లెక్కలోంచి తీసేయాలి. 1984లో బర్డ్ మినహాయింపు పెట్టిన ఉద్దేశం కూడా అలాంటిదే, సొంతవాణ్ని నిలబెట్టుకోనివ్వడం. మిగతా అందరికీ గీత ఎంత గట్టిగా ఉన్నా నాకు అభ్యంతరం లేదు.

థండర్ గురించి మాత్రం ఇప్పుడే టెన్షన్ వద్దు. హోమ్‌గ్రెన్, విలియమ్స్ కొత్త జీతాలు 2026-27లో, షాయ్ ఎక్స్‌టెన్షన్ 2027-28లో మొదలవుతాయి. క్యాప్ పెరిగినకొద్దీ ఏప్రన్ గీత కూడా పైకి జరుగుతుంది, 2025-26కే అది 20.78 కోట్లకు వచ్చింది. కానీ ఆ ముగ్గురి మొదటి ఏడాది జీతాలూ క్యాప్‌లో శాతాలే కాబట్టి అప్పటిదాకా క్యాప్ పెరిగితే అవి కూడా పెరుగుతాయి, ఆ పెరుగుదల వల్ల కొత్తగా చోటేమీ రాదు. చోటు రావాల్సింది నాలుగో ఆటగాడి నుంచి పదో ఆటగాడి దాకా ఉన్నవాళ్ల దగ్గర. వాళ్లు ఖరీదైనప్పుడు ఒక్కొక్కరిని వదిలి, ఆ స్థానంలో రూకీ (కొత్త ఆటగాడి) జీతానికి వచ్చే కుర్రాణ్ని నిలబెట్టాలి. 2019లో పాల్ జార్జ్‌ను లాస్ ఏంజిలెస్ క్లిప్పర్స్‌కు ఇచ్చి షాయ్‌తో పాటు తెచ్చుకున్న పిక్‌ల అసలు విలువ అక్కడ తెలుస్తుంది. జేలెన్ విలియమ్స్ కూడా అలా క్లిప్పర్స్ నుంచి వచ్చిన పిక్‌తో దొరికినవాడే.

2012 అక్టోబర్‌లో ఇదే జట్టు జేమ్స్ హార్డెన్‌ను డబ్బు లెక్కల దగ్గర హ్యూస్టన్‌కు వదులుకుంది. అప్పుడు క్యాప్ రూల్ వాళ్లను బలవంతం చేయలేదు, పన్ను భయమే చేసింది. ఈసారి ముగ్గురికీ ముందే సంతకాలు చేయించారు. జగిత్యాల సార్ చెప్పిన కన్ను, ఓపిక ఇప్పుడు ఆ కింది స్థానాల ఆటగాళ్లను వెతకడంలో కావాలి. డ్రాఫ్ట్ రోజు థండర్ ఎవరిని తీసుకుంటుందో చూడు, ముఖ్యంగా ఇరవై దాటిన పిక్‌లు.